ఎండిన బోరుకు వాన నీళ్లు పట్టించడం ఎలా: కొలతలు, వరుస, తప్పులు

వేసవి మొదలైతే చాలు, ఒకటే ప్రశ్న వస్తుంది. "బోరు చుట్టూ గుంత తవ్వి రాళ్లు పోశాం. అయినా నీళ్లు పెరగలేదు, ఎందుకు?" అడిగిన వాళ్లలో చాలామంది గుంత బాగానే తవ్వారు. గుంతకు ముందు చేయాల్సినవే చేయలేదు. అందుకే ఈసారి మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

ఇది అనంతపురం లాంటి చోట్ల కోసం. ఏడాదికి 550 మి.మీ. అటూ ఇటూగా వాన, పైన ఎర్ర గరుసు నేల, కింద గట్టి రాయి, ఆ రాతి పగుళ్లలోనే జల. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట పొలాలకూ చాలావరకు సరిపోతుంది. కోస్తా ఇసుక నేలలకు మాత్రం పనికిరాదు. నల్లరేగడి సంగతి మధ్యలో చెప్తాను.

పని చేయాల్సింది ఫిబ్రవరి నుంచి మే లోపు. మృగశిర కార్తెకు అంతా సిద్ధంగా ఉండాలి. మనకు పెద్ద వానలు ఉత్తర, హస్త కార్తెల్లో పడతాయి కదా, ఇంకా టైముంది అనుకుంటే జూన్‌లో పడే ఒక్క గట్టి వానకు సగం తవ్విన గుంత పూడిపోతుంది.

## 1. ముందు బోరు జాతకం రాసుకోండి

ఒక నోటుబుక్కు పెట్టండి. మొదటి పేజీలో ఇవి రాయండి:

- బోరు మొత్తం లోతు
- కేసింగ్ పైపు (పై మట్టి కూలకుండా బోరులో దింపే గొట్టం) ఎన్ని అడుగులు దిగింది, ప్లాస్టిక్‌దా ఇనుపదా
- రాయి ఎన్ని అడుగుల్లో తగిలింది
- మొదటి జల ఎక్కడ పడింది, తర్వాత గ్యాప్‌లు (రాతి పగుళ్లు) ఎక్కడెక్కడ తగిలాయి
- ఇప్పుడు నీటి మట్టం ఎంత లోతులో ఉంది

మొదటి నాలుగూ బోరు వేసిన రోజు బండి దగ్గర నిలబడ్డవాళ్లకు గుర్తుంటాయి. లోతు విషయంలో బిల్లు మీది అంకెను గుడ్డిగా నమ్మకండి. తాడుకు బరువు కట్టి దింపి చూడండి. పాత బోర్లు అడుగున పూడిపోయి ఉంటాయి.

నీటి మట్టం కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. సన్నటి నైలాన్ తాడుకు పదేసి అడుగులకు ఒక ముడి వేయండి. చివర చిన్న ఇనుప గిన్నెను బోర్లించి కట్టండి. కేసింగ్‌లోకి మెల్లగా వదిలితే గిన్నె నీటిని తాకినప్పుడు 'టప్' మని చప్పుడు వస్తుంది. తాడు కొంచెం పైకి లాగి మళ్లీ వదిలి, రెండుసార్లు అదే చోట చప్పుడు వస్తే ఆ లోతు రాసుకోండి. మోటారు లోపలే ఉంటే తాడు కేబుల్‌కు చుట్టుకోకుండా జాగ్రత్త. ఎప్పుడు కొలిచినా రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారగానే కొలవాలి. నీళ్లు తోడిన గంటకు కొలిచిన అంకె దేనికీ పనికిరాదు.

## 2. ట్యాంకర్ పరీక్ష: ఈ బోరు నీళ్లు తాగుతుందా?

ఈ పరీక్ష చేయకుండా జేసీబీని పిలవకండి. మొత్తం పనిలో చవకైనదీ, అందరూ వదిలేసేదీ ఇదే.

చాలామంది 500 అడుగుల బోరంటే అదో పెద్ద తొట్టి అనుకుంటారు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు పట్టేది ఆరున్నర లీటర్లే. అంటే 500 అడుగులు ఖాళీగా ఉన్నా దానిలో పట్టేది 3,250 లీటర్లు. మిగతా నీళ్లన్నీ రాతి పగుళ్లలోకి పోవాల్సిందే. పగుళ్లు లేకపోతే ఎంత గొప్ప గుంత కట్టినా ఉపయోగం లేదు.

1. 5,000 లీటర్ల మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించండి. చెరువు బురద నీళ్లు వద్దు.
2. ముందు మట్టం కొలిచి రాసుకోండి.
3. పైపుతో కేసింగ్‌లోకి ఒకే వేగంతో నీళ్లు వదలండి.
4. ఆపిన వెంటనే, 10 నిమిషాలకు, అర గంటకు, గంటకు, మర్నాడు పొద్దున మట్టం చూడండి.

ట్యాంకర్ మొత్తం లోపలికి పోయి, గంటలో మట్టం దాదాపు పాత చోటికి దిగిపోతే మంచి బోరు. నీళ్లు కేసింగ్ అంచు దాకా వచ్చి మర్నాటికీ అక్కడే ఉంటే ఆ బోరుకు నోరుంది గానీ గొంతు లేదు. దాన్ని వదిలేయండి. మధ్యస్థంగా దిగితే పట్టించవచ్చు, కాకపోతే నీళ్లు ఆగి ఉండటానికి పక్కన పెద్ద కుంట తప్పనిసరి.

## 3. ఏ బోరుకు పట్టించాలి?

నడుస్తున్న బోరు కేసింగ్‌కు రంధ్రాలు వేయొద్దనే నేను చెప్తాను. కంపెనీల బొమ్మల్లో అలా చూపిస్తారు, చేసినవాళ్లూ ఉన్నారు. కానీ ఏదైనా తేడా వస్తే ఉన్న నీళ్లూ పోతాయి. నడిచే బోరుకు పది పదిహేను అడుగుల దూరంలో విడిగా ఇంకుడు గుంత తీసి, నేల గుండానే నీళ్లు దిగనివ్వండి. నిదానంగా దిగుతుంది, కానీ మట్టే వడపోస్తుంది.

నేరుగా పట్టించడానికి సరైనది, అదే పొలంలో మూలన పడి ఉన్న ఎండు బోరు. మనలో ఎవరికి లేవు లెండి ఒకటో రెండో. కొబ్బరికాయ నిలబడిన చోటల్లా బోరు వేయించి ఎండగొట్టుకున్నవాణ్ణే నేనూ. ఒకప్పుడు జల ఉండి తర్వాత ఎండిన బోరైతే, దాని పగుళ్లకూ నడిచే బోరు పగుళ్లకూ చాలాసార్లు లంకె ఉంటుంది. అసలు వేసిన రోజు నుంచే దుమ్ము తప్ప చుక్క రాని బోరు ట్యాంకర్ పరీక్షలో నెగ్గడం అరుదు.

ఈ బోర్లకు నేరుగా పట్టించకండి:

- తాగునీటికి వాడేవి
- పశువుల కొట్టం, ఎరువు దిబ్బ, సెప్టిక్ ట్యాంకు దగ్గర్లో ఉన్నవి
- రోడ్డు నీళ్లు, ఊరి మురుగు వచ్చే దారిలో ఉన్నవి
- మందులు ఎక్కువగా కొట్టే తోటల మధ్య ఉన్నవి

నేల గుండా ఇంకే నీటికి ఎంతో కొంత వడపోత ఉంటుంది. బోరులోకి నేరుగా దింపిన నీటికి అది లేదు. పైన ఉన్న విషం అలాగే కిందికి పోతుంది, అక్కడి నుంచి పక్కవాళ్ల బోరుకూ పోతుంది. ఇంటి దగ్గరి తాగునీటి బోరైతే మిద్దె మీది నీళ్లను వడపోసి, బోరుకు దూరంగా గుంతలో ఇంకించండి. వెయ్యి చదరపుటడుగుల మిద్దె మీద ఏడాది వానకు 40 వేల లీటర్ల దాకా వస్తాయి.

అనుమానంగా ఉంటే జిల్లా భూగర్భ జల శాఖ కార్యాలయంలో జియాలజిస్టును కలవండి. ఆ నోటుబుక్కు తీసుకెళ్తే మాట త్వరగా తెగుతుంది.

## 4. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎన్ని వస్తాయి?

ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. బోరు వైపు వాలే నేల 5 ఎకరాలుండి, 30 మి.మీ. వాన ఒక్కపెట్టున పడిందనుకోండి. పడిన నీళ్లు 6 లక్షల లీటర్ల పైనే. అందులో నేల పీల్చుకోగా పారేది అయిదో వంతు అనుకున్నా 1 లక్షా 20 వేల లీటర్లు.

ఇప్పుడు గుంత వైపు చూడండి. 10 అడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత ఖాళీగా ఉంటే 28 వేల లీటర్లు పడతాయి. రాళ్లూ కంకరా నింపాక మిగిలే సందుల్లో 10 వేలు మించవు. 1 లక్షా 20 వేల లీటర్లు గంటలో వచ్చి పడితే 10 వేలు పట్టే గుంత ఏం చేస్తుంది? పొంగి, బురదతో నిండి, గట్టు తెంపుకుని పోతుంది. నీటిని దాచేది కుంట. గుంత పని వడపోత మాత్రమే. మొదట్లో చెప్పిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

నీళ్లు ఏ దారిన వస్తాయో తేల్చడానికి గొడుగు వేసుకుని ఒక్క వానకు పొలంలో తిరగండి. పారే చోటల్లా కట్టె పుల్లలు పాతండి. వాన దొరక్కపోతే మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో లెవెల్ చూడండి. కంటి అంచనా మెట్ట పొలంలో బాగా మోసం చేస్తుంది.

## 5. పని పై నుంచి కిందికి

బోరు దగ్గర మొదలుపెట్టకండి. పొలం ఎత్తు వైపు నుంచి రండి.

కందకాలు: వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. ఒకే పొడవున కాకుండా ముక్కలు ముక్కలుగా, పై వరుసలో ఖాళీ ఉన్న చోట కింది వరుసలో కందకం వచ్చేలా తీయండి. తవ్విన మట్టి పల్లం వైపు వేయాలి. ఎగువ వైపు వేస్తే మొదటి వానకే తిరిగి కందకంలో ఉంటుంది.

గరిక పట్టీ: కుంటకు నీళ్లు దిగే చోట కనీసం పది అడుగుల మేర గరికను దున్నకుండా వదిలేయండి. పైసా ఖర్చు లేని జల్లెడ అది. నీటి వేగం తగ్గి, ఒండ్రు అక్కడే ఆగుతుంది.

కుంట: పైన 10 మీటర్ల చదరం, అడుగున 5 మీటర్ల చదరం, లోతు రెండున్నర మీటర్లు. ఏటవాలు గట్లతో దీనిలో సుమారు 1 లక్షా 45 వేల లీటర్లు పడతాయి, అంటే పై లెక్కలోని వానకు సరిపోతుంది. ఉపాధి పనుల్లో నీటి కుంటకు అవకాశం ఉందేమో ఫీల్డ్ అసిస్టెంట్‌ను ముందే అడగండి, గ్రామసభలో పేరు రాయించుకోవాల్సి ఉంటుంది. పొంగు నీళ్లు బయటికి పోయే అలుగును రాళ్లతో కట్టించడం మర్చిపోకండి.

నల్లరేగడిలో కుంట తీస్తే నీళ్లు ఇంకవు, నిలుస్తాయి. అక్కడ కుంట అడుగు నుంచి కింద మొరం పొర తగిలే దాకా సన్న గుంత దింపి, దాన్ని కంకర, ఇసుకతో నింపాలి.

## 6. బురద తొట్లు

కుంట నుంచి బోరు గుంతకు నీళ్లు నేరుగా వదలకూడదు. మధ్యలో రెండు తొట్లు కట్టండి. ఒక్కోటి 6 అడుగుల పొడవు, 4 వెడల్పు, 4 లోతు చాలు. మొదటి తొట్టి నిండి, పై అంచు దగ్గరి పైపు ద్వారా రెండోదాంట్లోకి పోవాలి. అక్కడి నుంచి కూడా పై నీళ్లే గుంతలోకి రావాలి. బురద అడుగున ఉండిపోతుంది.

కుంట నుంచి వచ్చే పైపును కూడా కుంట అడుగుకు రెండడుగుల ఎత్తున పెట్టండి. దానికి వాల్వు ఉండాలి. ఈ వాల్వు ఎందుకో 8లో చెప్తాను.

నేను మొదటిసారి చేసినప్పుడు తొట్లు దండగ అనుకున్నాను. వానాకాలం మధ్యలో మోటారు వేస్తే వారం పాటు ఎర్ర నీళ్లు. డ్రిప్ పైపులన్నీ పూడిపోయాయి. మోటారు బయటికి తీసి చూస్తే ఇంపెల్లర్లు (నీటిని పైకి నెట్టే చక్రాలు) అరిగి ఉన్నాయి. మోటారైనా బాగు చేయించుకోవచ్చు. పగుళ్లలో చేరిన సన్న బంకమట్టిని తీయడం చాలా కష్టం.

## 7. బోరు చుట్టూ గుంత

1. కరెంటు తీసేయండి, మోటారు ఉంటే బయటికి లాగండి. రంధ్రాలు వేసేటప్పుడు డ్రిల్లు బిట్టు కేబుల్‌కు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

2. కేసింగ్ నోరు మూయండి. గోనెసంచి చుట్టడం కాదు, గట్టి మూత వేయండి. రాయి ముక్క లోపల పడితే ఆ బోరు అంతే సంగతులు. పైగా మూత లేని బోర్లలో పసిపిల్లలు పడిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. బోరు వేసేటప్పుడు చుట్టూ కంచె, కేసింగ్‌కు గట్టి మూత ఉండాలని 2010లో సుప్రీంకోర్టే చెప్పింది.

3. తవ్వకం. 10 × 10 అడుగులు, లోతు 10 అడుగులు. జేసీబీ బకెట్‌ను కేసింగ్‌కు రెండడుగుల లోపలికి రానివ్వకండి. ఆ మిగిలిన మట్టిని మనుషులతోనే తీయించాలి. బకెట్ తగిలి కేసింగ్ వంగితే మోటారు దిగదు. గోడలు నిలువుగా కాకుండా కాస్త వాలుగా ఉండాలి. గరుసు నేల గోడ చెప్పకుండా కూలుతుంది, లోపల మనిషి ఉన్నప్పుడు ఒకరు పైన నిలబడి చూస్తూ ఉండాలి.

4. రంధ్రాలు. కేసింగ్‌కు గుంత అడుగు నుంచి పైకి నాలుగడుగుల మేరకే. 5 మి.మీ. రంధ్రాలు, ఒకదానికొకటి రెండేసి అంగుళాల దూరంలో. ఆ పైన ఒక్క రంధ్రం కూడా వద్దు. ఇసుక, చిప్స్ (సన్న రాతి ముక్కలు), కంకర అన్నీ దాటిన నీళ్లే రంధ్రం దగ్గరికి రావాలి. పైన రంధ్రం ఉంటే వడపోత మొత్తం వృథా.

5. జాలీ. రంధ్రాలున్న భాగం మీద సన్న నైలాన్ జాలీని మూడు చుట్లు చుట్టి, నైలాన్ తాడుతో కట్టండి. బైండింగ్ వైరు తుప్పు పట్టి తెగుతుంది. దోమతెర గుడ్డతో సరిపెట్టుకోవద్దు, రాళ్లు రాసుకుంటే ఒక్క ఏడాదికి చిరిగిపోతుంది.

6. నింపడం, కింది నుంచి పైకి:
   - 4 అడుగులు పెద్ద బండరాళ్లు, కేసింగ్ చుట్టూ చేత్తో పేర్చాలి, పైనుంచి దొర్లించకూడదు
   - 2 అడుగులు 40 మి.మీ. కంకర
   - 1 అడుగు 20 మి.మీ. కంకర
   - అర అడుగు చిప్స్, దాని మీద జాలీ పరిచి కేసింగ్‌కు బిగించి కట్టాలి
   - 1 అడుగు ముతక ఇసుక
   - పైన అడుగున్నర ఖాళీ, నీళ్లు నిలవడానికి

7. కడిగి వేయండి. కంకర క్రషర్ నుంచి వచ్చిన దుమ్ముతోనే పోస్తే ఆ దుమ్మంతా బోరులోకే. ట్రాక్టర్ మీద ఉండగానే నీళ్లు కొట్టి కడగండి. ఎం-శాండ్ (రాళ్లు పొడి చేసి తయారు చేసే ఇసుక) వాడితే ఇంకా బాగా కడగాలి. ఇది విసుగు పుట్టించే పని, కూలీలు ఒప్పుకోరు, దగ్గరుండి చేయించుకోవాలి.

8. పై అంచు. గుంత చుట్టూ అడుగెత్తు రాతి గోడ, నీళ్లు తొట్టి పైపు నుంచి తప్ప పక్కల నుంచి దిగకూడదు. కేసింగ్ నేల మీద మూడడుగులు లేచి ఉండాలి. మూతకు జాలీ కట్టిన చిన్న రంధ్రం ఉంచండి. నీళ్లు దిగేటప్పుడు లోపలి గాలి బయటికి రావాలి.

## 8. తొలి వాన రోజు

వాల్వు మూసి ఉంచండి. వేసవి అంతా పేరుకున్న దుమ్ము, పెంట, పిడకల పొడి మొదటి వానకు కుంటలోకి వస్తాయి. ఆ నీళ్లు కుంటలోనే ఇంకనివ్వండి.

రెండో వాన నుంచి, వాన ఆగాక ఒక రోజు తేరనిచ్చి వాల్వు తిప్పండి. గాజు సీసాలో నీళ్లు పట్టి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. సీసా వెనక పట్టుకున్న వేలు స్పష్టంగా కనిపిస్తే వదలండి. కనిపించకపోతే ఇంకో రోజు ఆగండి. తొందర పడాల్సింది ఏమీ లేదు, కుంటలో ఉన్నంతసేపూ ఎలాగూ కొంత ఇంకుతూనే ఉంటుంది.

## 9. తేడా వస్తే ఏం చేయాలి?

గుంతలో నీళ్లు దిగడం లేదు. ఇసుక మీద పాపడంలా మట్టి పొర కట్టి ఉంటుంది. ఆరాక రెండు అంగుళాలు గీకి తీసేయండి. ఏటా మే నెలలో పై అర అడుగు ఇసుక తీసి, కడిగి, తిరిగి పోయాలి.

గీకినా దిగడం లేదు. పగుళ్లు పూడి ఉండొచ్చు. బోరుబండి వాళ్ల కంప్రెసర్‌తో గాలి కొట్టించి ఫ్లషింగ్ చేయించండి. ఆ తర్వాత తొట్లు చూడండి. లోపం అక్కడే ఉంటుంది.

నా బోరులో పెరగలేదు, పక్కాయనకు పెరిగింది. ఇది నిజంగానే జరుగుతుంది. భూమి కింద గట్లు లేవు. చుట్టుపక్కల నలుగురైదుగురు కలిసి ఒక వాలంతా కందకాలు తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

నీళ్లకు వాసన వస్తోంది. వెంటనే వాల్వు మూసి, నీళ్లు పరీక్షకు ఇవ్వండి. తేలే దాకా ఎవరూ తాగొద్దు.

## 10. వానకు ముందు ఒకసారి చూసుకోండి

- కందకాల్లో పూడిక తీశామా?
- అలుగు గట్టిగా ఉందా?
- రెండు తొట్లూ శుభ్రమేనా?
- వాల్వు తిరుగుతోందా, ఇప్పుడు మూసే ఉందా?
- ఇసుక కడిగి పోశామా?
- కేసింగ్ మూత, కంచె ఉన్నాయా?
- నోటుబుక్కులో మే నెల మట్టం రాశామా?

## 11. ఎన్ని నీళ్లు చేరాయి, వాటితో ఏం పండించవచ్చు?

నెలకోసారి మట్టం, వాన పడిన రోజున ఎంత వాన, మోటారు ఎన్ని గంటలు నడిచింది, ఈ మూడూ రాయండి. నిలువు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి స్కేలుతో కొలిస్తే వాన లెక్క వచ్చేస్తుంది. నీటి ధార కొలవడానికి 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. పది సెకన్లయితే గంటకు 7,200 లీటర్లు. మే మట్టాన్ని వచ్చే మే మట్టంతోనే, నవంబరును నవంబరుతోనే పోల్చండి. వానలు పడ్డాక పెరిగిన మట్టం చూసి మురిసిపోతే లాభం లేదు, అది పక్క ఊళ్లో ఏ గుంతా లేని బోరులోనూ పెరుగుతుంది.

ఇక అసలు లెక్క. కుంట ఏడాదికి నాలుగుసార్లు నిండి ఖాళీ అయితే 5 లక్షల 80 వేల లీటర్లు. ఎకరా వరికి 1,200 మి.మీ. నీళ్లు కావాలనుకుంటే అది 48 లక్షల లీటర్లు. మీరు ఏడాదంతా పట్టించిన నీళ్లు అర పావు ఎకరా మడికి కూడా చాలవు. అదే ఎకరా చీనీ (బత్తాయి) తోటలో వంద చెట్లుండి, చెట్టుకు రోజుకు వంద లీటర్లు డ్రిప్‌తో ఇచ్చారనుకోండి, 58 రోజులు వస్తాయి. పట్టించిన ప్రతి చుక్కా మీ బోరుకే తిరిగి రాదు కాబట్టి అందులో సగమే వచ్చిందనుకున్నా 29 రోజులు. ఏప్రిల్ ఆఖర్లో, కాయ రాలే సమయంలో, ట్యాంకర్లతో తోట తడిపినవాళ్లను అడగండి ఆ 29 రోజుల ఖరీదు ఎంతో.